బాబు ఎప్పుడూ తల ఒక పక్కకి వాల్చి చూస్తాడు: మెడ సమస్యా, కంటి సమస్యా?

కాకినాడ_కాజా | జూన్ 3, రాత్రి 10:40

అందరికీ నమస్తే. మా బాబుకి 3 ఏళ్ళ 4 నెలలు. టీవీ చూసినా, బొమ్మల పుస్తకం చూసినా, గోరుముద్దలు తింటూ నా మొహంలోకి చూసినా తల కుడి భుజం మీదకి వాల్చేస్తాడు. మొదట్లో ముద్దుగా ఉందని మేమే ఫొటోలు తీసి స్టేటస్‌లు పెట్టుకున్నాం. నర్సరీలో టీచర్ "బాబుకి మెడనొప్పేమైనా ఉందా అండీ?" అని అడిగేదాకా అనుమానించాల్సిన విషయమని కూడా తట్టలేదు.

ఎముకల డాక్టర్‌కి చూపిస్తే ఎక్స్‌రే తీయించి, ఎముక బాగానే ఉంది, మెడ కండరం బిగిసిందన్నారు. ఫిజియోథెరపీ రాశారు. 6 నెలలుగా వారానికి మూడు రోజులు తీసుకెళ్తున్నాను. ఆ గది గుమ్మం కనపడితే చాలు, వాడు ఏడుపు అందుకుంటాడు. మధ్యలో ఒక నెల కాలర్ కూడా పెట్టాం. కాలర్ ఉన్నన్నాళ్ళూ మెట్ల దగ్గర తడబడేవాడు. బొమ్మకార్లు ముట్టుకోకుండా ఒక మూల కూర్చునేవాడు. తీసేసిన మరుక్షణం తల మళ్ళీ కుడికే.

విచిత్రం ఏంటంటే, నిద్రపోయేటప్పుడు మెడ నిటారుగానే ఉంటుంది. మా అత్తగారేమో దిష్టి అంటున్నారు, మావారేమో ఎంఆర్ఐ తీయిద్దాం అంటున్నారు. ఈ వయసు పిల్లలకి దానికోసం మత్తు ఇవ్వాలట. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టట్లేదు. ఇలాంటిది ఎవరైనా చూశారా?

ఆవాలదిండు | జూన్ 3, రాత్రి 11:15

కంగారు పడకమ్మా. మా రోజుల్లో తల కుదురుగా రావాలని చంటిపిల్లలకి ఆవాల దిండు వేసేవాళ్ళం. నీళ్ళు పోసే ఆవిడ నూనె రాసి మెడ అటూ ఇటూ తిప్పేది. ఇప్పుడు అవేవీ లేవు కదా. మా ఆడపడుచు మనవడికి కూడా ఇలాగే ఉంటే నువ్వుల నూనెతో మర్దన చేసి చేసి సరిచేశారు. దిష్టి కూడా తీయించు, పోయేదేముంది, గుప్పెడు ఉప్పు.

ఫిజియో_వరంగల్ | జూన్ 4, ఉదయం 6:50

కాజా గారూ, నేను ఫిజియోథెరపిస్టుని. తప్పుగా అనుకోకండి, మీరు రాసింది చదువుతుంటే ఇది మా గదికి రావాల్సిన కేసు కాదేమో అనిపిస్తోంది. మూడు సంగతులు చెప్పండి.

ఒకటి, బాబు పుట్టిన మొదటి నెలలో మెడ పక్కన ఉసిరికాయంత గట్టి గడ్డ మీ చేతికి ఎప్పుడైనా తగిలిందా? రెండు, తల వాల్చడం పుట్టినప్పటి నుంచీ ఉందా, కూర్చోవడం వచ్చాక మొదలైందా? మూడోది అసలైనది. బాబుని పడుకోబెట్టి, ఆడిస్తూ, మీ చేతులతో మెల్లగా ఎడమ చెవిని ఎడమ భుజం వైపు తీసుకెళ్ళండి. ఎక్కడైనా పట్టేసినట్టు ఆగుతోందా?

పుట్టుకతో వచ్చే మెడ బిగుతుకి మూలం చెవి వెనక నుంచి ఛాతీ ఎముక దాకా దిగే పెద్ద కండరం. కుడి కండరం బిగిస్తే తల కుడికి వాలి, గడ్డం ఎడమ వైపు తిరుగుతుంది. గడ్డ 2 నుంచి 4 వారాల వయసులో కనపడి, కొన్ని నెలల్లో దానంతటదే కరిగిపోతుంది. కండరం మాత్రం తాడులా మిగలొచ్చు. మొదటి మూడు నెలల్లోపు స్ట్రెచింగ్ మొదలుపెడితే చాలామందికి ఆపరేషన్ అక్కర్లేకుండానే సర్దుకుంటుంది. ఇలాంటి బిడ్డ వస్తే మేం తుంటి కీళ్ళు కూడా చూడమంటాం, ఎందుకంటే కొందరిలో తుంటి కూడా సరిగ్గా కుదురుకుని ఉండదు.

ఆ బిగుతు నిద్రపోతే వదిలేది కాదు. మీ వాడికి నిద్రలో మెడ నిటారుగా ఉంటోంది అన్నారు చూడండి, నాకు అక్కడే అనుమానం వచ్చింది.

ఆవాలదిండు గారూ, నూనె రాయడంతో నాకు పేచీ లేదు. మెడలు తిప్పడం మాత్రం మాన్పించండి. ఆ చేతులకి లోపల ఏముందో తెలియదు.

కాకినాడ_కాజా | జూన్ 4, మధ్యాహ్నం 2:05

ఇప్పుడే చూశాను సార్. ఎడమ చెవి భుజానికి హాయిగా తగిలింది, వాడు నవ్వుతున్నాడు కూడా! ఎక్కడా ఆగలేదు. గడ్డ ఎప్పుడూ లేదు, పుట్టినప్పుడు నీళ్ళు పోసింది మా అమ్మే, ఆవిడకి తగిలి ఉండేది. మొదలైంది 8, 9 నెలలప్పుడు అనుకుంటా, కూర్చోవడం బాగా వచ్చాక.

మరి 6 నెలలు ఏం లాగినట్టు?

ఓరచూపు | జూన్ 4, సాయంత్రం 7:30

నేను ఆప్టోమెట్రిస్టుని, అంటే కంటి పరీక్షలు చేస్తాను, హైదరాబాద్‌లో పిల్లల మెల్లకన్ను క్లినిక్‌లో పనిచేస్తాను. ఫిజియో గారు సరైన ప్రశ్నలు అడిగారు. మెడ పూర్తిగా తిరుగుతోంది, నిద్రలో నిటారుగా ఉంది, కూర్చోవడం వచ్చాక మొదలైంది. ఈ మూడూ కలిసి వస్తే మేం మెడని వదిలి కళ్ళ వైపు చూస్తాం. ఇక్కడి మాటలతో రోగం తేల్చడం కుదరదు గానీ, పిల్లల మెల్లకన్ను చూసే డాక్టర్ దగ్గరికి మాత్రం తప్పకుండా వెళ్ళాలి.

కంటికీ మెడకీ ఏం సంబంధం అంటారా? ఒక్కో కన్నుకి ఆరు కండరాలు. అందులో ఒకటి, సుపీరియర్ ఆబ్లిక్, బావి గిలక మీంచి చేంతాడు పోయినట్టు కంటి గుంటలో ముక్కు వైపు పైమూల ఉండే చిన్న గిలకలోంచి దూరి కనుగుడ్డుకి అతుక్కుంటుంది. దాన్ని నడిపేది నాలుగో కపాల నాడి, మెదడు నుంచి నేరుగా వచ్చే నాడుల్లో ఒకటి. తల ఎడమకి వంచామనుకోండి, చూపు గింగిరాలు తిరక్కుండా ఎడమ కన్నుని లోపలికి మెలితిప్పే పని ఈ ఎడమ కండరం మీద పడుతుంది. తల కుడికి వంచితే దానికి సెలవు. ఎడమ కండరం బలహీనంగా ఉన్న పిల్లవాడు ఏం చేస్తాడు? తల కుడికి వాల్చి, ఆ కండరంతో పని లేకుండా చేసుకుంటాడు. నిటారుగా పెడితే ఎడమ కన్ను కాస్త పైకి లేస్తుంది, ఒకటి రెండుగా కనపడుతుంది. వాల్చితే రెండు కళ్ళూ ఒకే బొమ్మ మీద కుదురుతాయి.

మీ బాబు కాలర్ పెట్టినప్పుడు మెట్ల దగ్గర తడబడ్డాడని రాశారు. ఆ వాక్యం దగ్గర నాకు మనసు చివుక్కుమంది. వాడికి చూపు కుదిరే ఒకే ఒక్క దారి మూసేశాం కదా.

ఇంట్లో రెండు పనులు చేయండి. మొదటిది, పాత ఫొటోలు వరుసగా తీయండి: బారసాల, అన్నప్రాసన, పుట్టెంట్రుకలు, మొదటి పుట్టినరోజు. ఏ నెల నుంచి, ఏ వైపు, ప్రతిసారీ ఒకే వైపేనా అని రాసి పెట్టుకోండి. స్కానింగ్ కంటే ముందు మేం అడిగేది ఇదే. రెండోది, వాడు ఇష్టంగా టీవీ చూస్తుండగా ఒక కన్ను పూర్తిగా మూసేలా మెత్తటి గుడ్డ కట్టండి, ఆట అని చెప్పి. ఒకటి రెండు నిమిషాలు ఆగి తల ఏం చేస్తుందో చూడండి. తర్వాత రెండో కన్ను. ఆ రెండు నిమిషాలకి మించి కట్టొద్దు. ఫోన్‌లో వీడియో తీయండి.

బడి_పంతులు | జూన్ 4, రాత్రి 9:10

ఇది చదివాక నా పాపం ఒకటి చెప్పుకోవాలి. మాది సిద్దిపేట వైపు సర్కారు బడి. నాలుగో తరగతిలో ఒక పిల్లవాడు బోర్డు మీద రాసింది ఎప్పుడూ మొహం కుడికి తిప్పుకుని, ఎడమ కొసల నుంచి చూసేవాడు. పక్కవాడి నోట్సులోకి తొంగిచూస్తున్నాడని అనుకున్నా. "నేరుగా చూడరా!" అని ఎన్నిసార్లు గడ్డం పట్టుకుని తిప్పానో. తిప్పగానే చదవడం ఆపేసేవాడు. మొండి అనుకున్నా.

ఒకరోజు పిల్లలని పరీక్షించే ఆర్‌బీఎస్‌కే టీమ్ బడికి వచ్చింది. అందులో ఉన్న డాక్టరమ్మ వాడి గడ్డం నాలాగే నేరుగా పట్టుకుని, వెంటనే నన్ను పిలిచి "సార్, కళ్ళు చూడండి" అంది. కనుగుడ్లు రెండూ అటూ ఇటూ గబగబా ఊగుతున్నాయి. గడ్డం వదిలేసింది. వాడు మొహం కుడికి తిప్పుకోగానే ఊపు దాదాపు ఆగిపోయింది.

నాలుగేళ్ళు రోజూ చూసిన మొహం అది. నేనెప్పుడూ అంత దగ్గరగా చూడలేదు.

ఓరచూపు | జూన్ 4, రాత్రి 9:45

పంతులుగారూ, అది మీ ఒక్కరి పొరపాటు కాదు, ఇంట్లోవాళ్ళు కూడా అలాగే తిప్పుతుంటారు. కళ్ళు ఊగే నిస్టాగ్మస్ ఉన్నవాళ్ళలో చాలామందికి ఊపు తగ్గే చోటు ఒకటి ఉంటుంది. మేం దాన్ని నల్ పాయింట్ అంటాం. మీ శిష్యుడికి అది ఎడమ చూపులో ఉంది, అందుకే మొహం కుడికి. చిన్న అక్షరాలు చదవాల్సి వచ్చినప్పుడు ఇంకా ఎక్కువ తిప్పుతారు. అందుకే మేం మొహం తిప్పే కోణం కొలిచేది కబుర్లు చెబుతున్నప్పుడు కాదు, 6 మీటర్ల దూరంలో వాడు చదవగలిగిన అన్నిటికంటే చిన్న వరుస చదువుతున్నప్పుడు.

కళ్ళకి గుడ్డ కట్టే పరీక్ష ఇక్కడ ఇంకోలా పనిచేస్తుంది. రెండు కళ్ళని కలపడం కోసం తల వాల్చే పిల్లలు ఒక కన్ను మూస్తే తల నిటారుగా పెట్టేస్తారు, కలపాల్సిన రెండో బొమ్మే లేదు కాబట్టి. నిస్టాగ్మస్ పిల్లలు ఒక కన్ను మూసినా తల తిప్పుతూనే ఉంటారు. ఇందులో ఒక రకం ఉంది, ఏ కంటితో చూస్తే ఆ వైపుకే మొహం తిప్పుతారు. కుడి కన్ను మూస్తే ఎడమకి, ఎడమ కన్ను మూస్తే కుడికి. మొదటిసారి చూసినవాళ్ళకి మతిపోతుంది.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఆ పిల్లవాడిని క్లాసులో బోర్డుకి ఎదురుగా కాకుండా, బోర్డు వాడి ఎడమ చేతి వైపు వచ్చేలా కుడి వరుసలో కూర్చోబెట్టండి. మెడ మీద భారం తగ్గుతుంది. కోణం బాగా ఎక్కువగా ఉంటే ఆపరేషన్ కూడా ఉంది. 1953లో కెస్టెన్‌బామ్, ఆండర్సన్ అనే ఇద్దరు వేర్వేరుగా ప్రతిపాదించారు: రెండు కళ్ళ కండరాలనీ జరిపి ఆ కుదురు చోటుని మధ్యకి తేవడం. ఊపు పూర్తిగా పోదు, మొహం మాత్రం నేరుగా వస్తుంది.

బడి_పంతులు | జూన్ 4, రాత్రి 9:52

రేపే మారుస్తా.

రాత్రి_డ్యూటీ | జూన్ 5, తెల్లవారుజామున 3:20

పిల్లల వార్డులో పీజీని. కన్ను, మెడ అని మాత్రమే అనుకుంటూ పోతే కొన్ని జారిపోతాయి, అందుకని రాస్తున్నా. ఈ కబుర్లు చదివి ఎవరూ ఇంట్లో గుడ్డ కడుతూ వారాలు గడపకూడదు.

నిన్నటిదాకా బాగున్న పిల్లకి హఠాత్తుగా మెడ ఒరిగితే, నొప్పి ఉంటే, జ్వరం ఉంటే అదే రోజు ఆస్పత్రికి రండి. మొన్న 6 ఏళ్ళ పాప వచ్చింది. వారం కింద గొంతునొప్పి, టాన్సిల్స్ వాచాయి. తర్వాత మెడ ఒక పక్కకి బిగుసుకుపోయింది, ముట్టుకుంటే కేక. మెడ పట్టేసిందని ఊళ్ళో ఒకాయన దగ్గర విరిపించబోయారట, పాప ఏడుపుకి జడిసి ఆపారు. సీటీ చూస్తే మెడలో మొదటి పూస రెండోదాని మీద పక్కకి తిరిగి జారి ఉంది. గొంతు ఇన్‌ఫెక్షన్ తర్వాత ఇలా జరగడం పాత సంగతే, గ్రిసెల్ సిండ్రోమ్ అంటారు. ఆ రోజు ఎవరైనా టక్కున తిప్పి ఉంటే వెన్నుపాము ఏమయ్యేదో.

తల ఒరగడంతో పాటు పొద్దున్నే వాంతులు, తలనొప్పి, నడకలో తూలడం ఉంటే చిన్నమెదడు దగ్గర గడ్డ ఉందేమో చూడాలి. అప్పుడు ఎంఆర్ఐకి మత్తు అని వెనకాడకూడదు. తల ఊపుతూ, ఒరగేస్తూ, కళ్ళు సన్నగా వణికే చంటిపిల్లలకి కూడా స్కాన్ అడుగుతాం. చాలామందిలో అది వయసుతో పోయేదే, కానీ కొందరిలో కంటి నాడుల దగ్గర గడ్డ అలాగే బయటపడుతుంది.

భయపెట్టని కారణాలు కూడా ఉన్నాయి. పాలు తాగాక వెన్ను విల్లులా వంచి మెడ తిప్పే పసివాళ్ళకి ఒక్కోసారి పాలు పైకి తన్నడమే కారణం. కొందరికి కొన్ని గంటలు, ఒక్కోసారి కొన్ని రోజులు మెడ ఒరిగి, దానంతటదే పోయి, ఇంకోసారి ఇంకో వైపు వస్తుంది. ఇంట్లో మైగ్రేన్ ఉందా అని అడుగుతాం. వాంతులకి మెటోక్లోప్రమైడ్ ఇచ్చాక మెడ, కళ్ళు మెలితిరిగి వచ్చే పిల్లలనైతే నైట్ డ్యూటీలో చూస్తూనే ఉంటాం. అమ్మానాన్నల ప్రాణాలు పోతాయి గానీ, ఇంజెక్షన్‌తో నిమిషాల్లో వదులుతుంది. ఏ మందు ఇచ్చారో చీటీ మాత్రం వెంట తెండి.

కాజా గారూ, మీరు రాసినదాంట్లో ఈ ప్రమాదపు గుర్తులేవీ నాకు కనపడలేదు. నిద్రపోండి.

కాకినాడ_కాజా | జూన్ 7, రాత్రి 10:15

థాంక్స్ డాక్టర్ గారూ. ఆ రాత్రి నిజంగానే నిద్రపోయాను.

ఆల్బమ్ తీశాం. బారసాల ఫొటోల్లో తల నిటారు. 6వ నెల అన్నప్రాసనలో వాడిని మావారు పట్టుకుని ఉన్నారు, చెప్పలేం. పుట్టెంట్రుకలకి అన్నవరం వెళ్ళినప్పటి ఫొటోలు 11వ నెలవి. గుండు కదా, స్పష్టంగా తెలుస్తోంది. ఎనిమిది ఫొటోల్లో ఏడు కుడికే. మిగిలిన ఒక్కదాంట్లో వాడు నిద్రపోతున్నాడు!

గుడ్డ కూడా కట్టాం. ఎడమ కన్ను మూసిన నిమిషానికి తల నెమ్మదిగా లేచి నిటారుగా నిలబడింది. కుడి కన్ను మూసినా అంతే. గుడ్డ తీయగానే మళ్ళీ కుడి భుజం మీదకి. మావారు వీడియో పట్టుకుని సోఫాలో అలా కూర్చుండిపోయారు. మా అత్తగారు "అయితే దిష్టి కాదన్నమాట" అన్నారు, కాస్త నిరాశగా.

ఎడిసన్_పెసరట్టు | జూన్ 8, ఉదయం 5:30

న్యూజెర్సీ నుంచి. మా అమ్మాయిది ఇంకో రకం, ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నా. తనకి ఎడమ కన్ను బయటి వైపు వెళ్ళదు. ఎడమ పక్కన ఉన్నది చూడాలంటే మొత్తం తల తిప్పుతుంది. మామూలుగా కూర్చున్నప్పుడు కూడా మొహం కాస్త ఎడమకే. కుడికి చూసినప్పుడు ఎడమ కన్ను చిన్నదైపోతుంది, లోపలికి లాక్కున్నట్టు. మేం దాన్ని నవ్వు అనుకునేవాళ్ళం. డ్యూయేన్ సిండ్రోమ్ అన్నారు. ఆ కండరానికి వెళ్ళాల్సిన ఆరో నాడి కడుపులో ఉన్నప్పుడే సరిగ్గా ఏర్పడదట. ఎడమ కన్నుకీ, ఆడపిల్లలకీ ఎక్కువట.

తనకి ఆపరేషన్ చేయలేదు. చూపు బాగుంది, మొహం తిప్పేది కొంచెమే. ఆర్నెల్లకోసారి చూపిస్తున్నాం. ఇండియాలో ఉన్న మా అమ్మ మాత్రం వీడియో కాల్‌లో "దాన్ని నేరుగా కూర్చోమను" అని ఇప్పటికీ అంటుంది. బంధువుల్లో ఒకావిడైతే మెల్లకన్ను అదృష్టం, కదిలించకండి అంది.

ఓరచూపు | జూన్ 8, ఉదయం 8:00

ఆ అదృష్టం మాట వల్ల ఎందరు పిల్లలు 10 ఏళ్ళు దాటాక మా దగ్గరికి వస్తారో. అప్పటికి ఒక కన్ను లేజీ అయిపోయి, అంటే వాడక చూపు మందగించి ఉంటుంది.

కనురెప్ప వాలిన పిల్లల సంగతి కూడా ఒకటి చెప్పాలి. వాళ్ళు గడ్డం ఎత్తి, రెప్ప కిందనుంచి చూస్తారు. చూసేవాళ్ళకి పొగరులా ఉంటుంది. గడ్డం ఎత్తుతున్నాడంటే ఆ కన్నుని వాడుకుంటున్నాడని మాకు ధైర్యం. రెప్ప బాగా వాలి ఉండి కూడా గడ్డం ఎత్తట్లేదంటే, ఆ కన్నుని వదిలేశాడేమో అని అప్పుడు భయపడతాం. సరైన అద్దాలు లేక, పవర్ అడ్డదిడ్డంగా ఉండి తల వంచేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళకి అద్దాలు పెడితే చాలు.

కాకినాడ_కాజా | జూన్ 19, రాత్రి 9:40

వెళ్ళొచ్చాం! కొంచెం పెద్దగా రాస్తాను, నాలాంటి అమ్మలకి ఉపయోగపడుతుందని.

లోపలికి వెళ్ళగానే డాక్టర్ మేడమ్ బాబుని ముట్టుకోలేదు. నా ఒళ్ళో కూర్చోబెట్టి, గోడ మీద కార్టూన్ పెట్టి, ఐదు నిమిషాలు పక్కనుంచి చూస్తూ కూర్చున్నారు. నేను అలవాటుగా వాడి తల సరిచేయబోతే "వద్దమ్మా, వాడికి ఎలా కావాలో అలాగే ఉండనీ" అన్నారు. ఆరు నెలల తర్వాత ఆ మాట విన్నాను, కళ్ళలో నీళ్ళొచ్చాయి.

తర్వాత ఎదురుగా నిలబెట్టి ఫొటో తీసి, కళ్ళ మీదుగా ఒక గీత, పెదవుల మీదుగా ఒక గీత గీశారు. రెండు గీతలూ సమానంగా వెళ్ళాలట. మా వాడివి కుడి వైపు దగ్గరవుతున్నాయి. కుడి బుగ్గ ఎడమ బుగ్గ కంటే కొంచెం చిన్నది! మూడేళ్ళుగా ముద్దులు పెట్టుకున్న బుగ్గలు, నాకు తెలియలేదు. ఎప్పటి నుంచో తల వాల్చి ఉన్న పిల్లల్లో ఇలా వస్తుందట. ఇది కొత్తగా వచ్చింది కాదు అనడానికి అదొక సాక్ష్యం అన్నారు.

ఆ తర్వాత ఈగ బొమ్మ. నల్ల కళ్ళద్దాలు పెట్టి, ఒక పెద్ద ఈగ ఫొటో చూపించి "రెక్కలు పట్టుకో నాన్నా" అన్నారు. వాడు తల కుడికి వాల్చి, కాగితం కంటే రెండంగుళాల పైన గాలిలో చిటికెన, బొటనవేళ్ళతో రెక్క పట్టుకోబోయాడు. నాకు నవ్వొచ్చింది. మేడమ్ మెల్లగా వాడి తల నిటారుగా పట్టుకుని మళ్ళీ అడిగారు. ఈసారి వేలు నేరుగా కాగితానికి తగిలింది. "ఈగ పడుకుంది" అన్నాడు. రెండు కళ్ళూ కలిసి చూస్తేనే ఈగ కాగితం మీంచి పైకి లేచినట్టు కనపడుతుందట.

అసలు పరీక్ష ఆ తర్వాత. ఒక కన్ను మూస్తూ, తీస్తూ, గాజు కడ్డీల్లాంటి ప్రిజంలు పెట్టి ఎడమ కన్ను ఎంత పైకి వెళ్తోందో కొలిచారు. నిటారుగా పెడితే ప్రిజం లెక్కలో 14. కుడికి చూసినప్పుడు 20, ఎడమకి చూస్తే 6. తల ఎడమకి వంచితే 22, కుడికి వంచితే 4. కుదురుగా కూర్చోడు కదా, ఈ అంకెల కోసం రెండుసార్లు రావాల్సి వచ్చింది. చుక్కలు వేసి పవర్ చూశారు, కంటి వెనక భాగం ఎటు మెలితిరిగి ఉందో చూశారు. ఓరచూపు గారు ముందే చెప్పినదే: ఎడమ సుపీరియర్ ఆబ్లిక్, పుట్టుకతోనే. స్కాన్ అవసరం లేదన్నారు. ఎడమ కన్నులో ఇంకో కండరాన్ని కొంచెం వదులు చేస్తే చాలట.

ఆవాలదిండు | జూన్ 19, రాత్రి 10:05

మెడ వంకరకి కంటి ఆపరేషనా? అర్థం కాకే అడుగుతున్నా, వెక్కిరింపు కాదు.

ఓరచూపు | జూన్ 19, రాత్రి 10:30

అడగాల్సిన ప్రశ్నేనండీ. కాజా గారు రాసిన అంకెలు చూడండి. మేం మూడు ప్రశ్నలు వేసుకుంటాం: ఏ కన్ను పైన ఉంది, ఎటు చూస్తే తేడా పెరుగుతోంది, తల ఎటు వంచితే పెరుగుతోంది. ఎడమ, కుడి, ఎడమ అని జవాబు వస్తే అది ఎడమ సుపీరియర్ ఆబ్లిక్. మార్షల్ పార్క్స్ అనే అమెరికా డాక్టర్ 1958లో ఈ వరుస పెట్టారు. తల వంచి చూసే మూడో మెట్టు అంతకు ముందు జర్మనీ డాక్టర్ బీల్షోవ్‌స్కీ పేరు మీద ఉన్నది. ఇన్నేళ్ళ తర్వాత కూడా, ఇన్ని మెషిన్లు వచ్చాక కూడా, మేం చేసేది అదే.

ఆ కండరం బలహీనమైనప్పుడు దానికి ఎదురు లాగే ఇన్‌ఫీరియర్ ఆబ్లిక్‌ది పైచేయి అవుతుంది. దాన్ని కొంచెం వెనక్కి జరిపితే తూకం కుదురుతుంది. తల వాల్చాల్సిన అవసరం పోతే మెడ దానంతటదే లేస్తుంది. ఆలస్యమైతే మాత్రం మెడ కండరం నిజంగానే కురచ అయిపోవచ్చు, బుగ్గల తేడా పెరగొచ్చు.

పాత_ఆల్బమ్ | జూన్ 20, సాయంత్రం 6:20

పిల్లల చర్చలో పెద్దవాడిని దూరుతున్నందుకు క్షమించండి. నాకు 46. ఏడాదిగా సాయంత్రం అయ్యేసరికి ఒక లైటు రెండు లైట్లు అవుతోంది, ఒకటి పైన ఒకటి కింద. పొద్దున్న ఉండదు. బైక్ మీద రాత్రి రావడం మానేశాను. పదేళ్ళుగా మెడనొప్పి, స్పాండిలోసిస్ అని మందులు వాడాను. ఈ కాజా గారి పోస్టులు చదివి నిన్న రాత్రి పాత ఫొటోలు తీశాను. టెన్త్ గ్రూప్ ఫొటోలో ఎడమ చివర కూర్చున్నాను. నా పక్కన గోడ తప్ప ఎవరూ లేరు. తల ఎడమకి వాలి ఉంది. కటింగ్ షాపులో "తల స్ట్రెయిట్‌గా పెట్టండి సార్" అని నాకు మాత్రమే ఎందుకు చెబుతాడో ఇప్పుడు తెలిసింది.

ఓరచూపు | జూన్ 20, రాత్రి 8:15

అన్నా, ఆ ఫొటో ఫోన్‌లో పెట్టుకుని వెళ్ళు. పుట్టుకతో ఉన్నదాన్ని కొందరి మెదడు నలభై ఏళ్ళు సర్దుకుంటూ వస్తుంది. మామూలు మనిషి కళ్ళు పైకీ కిందకీ 3 ప్రిజంల తేడా వరకు కలపగలవు. వీళ్ళు 10, 15 కూడా కలిపేస్తారు. వయసు మీద పడి ఆ ఓపిక తగ్గాక సాయంత్రాల్లో రెండుగా విడిపోతుంది. పాత ఫొటోలో వాలు ఉందంటే కొత్త జబ్బు కాదని డాక్టర్‌కి సగం ధైర్యం వస్తుంది. అలా అని ఇంట్లోనే తేల్చేసుకోవద్దు. పెద్దవాళ్ళలో కొత్తగా రెండుగా కనపడితే షుగర్, బీపీ, తలకి దెబ్బ, అన్నీ చూడాలి. ఈ నాలుగో నాడి మరీ సన్నది, తల లోపల అన్నిటికంటే పొడుగు దారి దానిదే. బైక్ మీంచి పడ్డవాళ్ళలో తొందరగా దెబ్బతినేది కూడా అందుకే.

బడి_పంతులు | జూన్ 20, రాత్రి 9:00

సందర్భం వచ్చింది కాబట్టి: అలెగ్జాండర్ మెడ ఎడమకి వాలి ఉండేదని పాతకాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. అదీ కంటి వల్లే అయ్యుంటుందని 1996లో ఇద్దరు డాక్టర్లు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వాదించారు. ఆల్బమ్ అన్నా, మీరు మంచి జట్టులోనే ఉన్నారు.

మా వాడు కుడి వరుసలో మూడో బెంచీకి మారాడు. నిన్న బోర్డు మీద నేను తప్పు రాస్తే పట్టుకున్నాడు.

కాకినాడ_కాజా | ఆగస్టు 2, రాత్రి 10:00

ఆపరేషన్ అయి మూడు వారాలు. మొదటి నాలుగు రోజులు కన్ను ఎర్రగా ఉంది, చుక్కలు వేస్తుంటే యుద్ధమే. వారానికల్లా టీవీ ముందు తల నిటారుగా కనపడింది. నిద్ర ముంచుకొచ్చినప్పుడు, పరాకున ఉన్నప్పుడు ఇంకా కొంచెం కుడికి పోతోంది. అలవాటు, కాస్త మెడ బిగువు కూడా, ఇప్పుడు ఫిజియో పనికొస్తుంది అన్నారు. అదే గదికి వెళ్ళాం. ఈసారి వాడు ఏడవలేదు.

మెట్లు మాత్రం చేయి పట్టుకోకుండా దిగుతున్నాడు. బుగ్గల తేడా అంత తొందరగా పోదట. నాకేం పర్లేదు.

పాత_ఆల్బమ్ | ఆగస్టు 9, సాయంత్రం 7:45

నాదీ చెప్పేస్తాను. కుడి కన్ను, అదే కండరం, పుట్టుకతోదే. షుగర్, స్కాన్ అన్నీ చూసి మరీ తేల్చారు. ప్రస్తుతానికి అద్దాల్లో ప్రిజం ఇచ్చారు, సాయంత్రం లైట్లు ఒకటయ్యాయి. ఆపరేషన్ సంగతి ఆరు నెలల తర్వాత.

డాక్టర్ ఇంకా ఫొటోలు కావాలంటే పెళ్ళి ఆల్బమ్ తీసుకెళ్ళాను. తలంబ్రాల దగ్గర నుంచి రిసెప్షన్ దాకా ప్రతి ఫొటోలోనూ తల ఎడమకే. రిసెప్షన్‌లో మా ఆవిడ నాకు ఎడమ పక్క కూర్చుని ఉంది. ఇంటికొచ్చి విషయం చెబితే ఆల్బమ్ లాక్కుని మొత్తం మళ్ళీ తిరగేసింది. "19 ఏళ్ళుగా నా వైపు వాలుతున్నారనుకుని మురిసిపోతున్నానండీ" అంది.